నాలుగో రకం జవాబు

"మీ గురువుగారి ఉత్తరం గుండెల మీద పెట్టుకుని మా ఆయన ప్రశాంతంగా పోయారు నాయనా," అంటూ పెద్దావిడ ఆశ్రమం కౌంటరు మీద ఓ కాగితం పెట్టింది.

గుమాస్తా దాన్ని విప్పి చూశాడు. ఆ రాత తనదే. రుసుం కట్టినవాళ్లకు గురువుగారి పేరిట జవాబులు రాసేది అతనే. గడ్డకు ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఆ పెద్దాయన అడిగితే, ఉత్తరం పూర్తిగా చదవకుండానే, ముందే సిద్ధం చేసి పెట్టుకున్న జవాబుల్లోంచి నాలుగో రకం రాసి పడేశాడు: 'ఓపిక పట్టు, అంతా మంచే జరుగుతుంది.'

ఆ మనిషి ఓపిక పట్టాడు. గడ్డ పట్టలేదు.

"ఇప్పుడు నాకూ అలాంటి గడ్డే లేచింది. ఏం చెయ్యమంటారో అడిగి చెప్పు."

"అడగడం దేనికి పెద్దమ్మా? మీ కాళ్లు పట్టుకుంటా, ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి."

"అది గురువుగారి మాటా, నీ మాటా?"

అతను తల దించుకున్నాడు. "ఈ ఉత్తరాలన్నీ రాసేది నేనే పెద్దమ్మా."

ఆవిడ నవ్వింది. "నువ్వే రాస్తావు, సరే. రాయించేది ఆయన కదా!"

రుసుం తీసి ముందు పెట్టింది. అతను వెనక్కి తోశాడు.

"ఊరికే వచ్చే మాట నాకొద్దు నాయనా."

చేసేది లేక రసీదు చింపి ఇచ్చాడు. లోపలి గదిలోకి వెళ్లి, గురువుగారి ఖాళీ కుర్చీ ముందు కాసేపు నిలబడి వచ్చాడు. 'ఇవాళే ఆసుపత్రికి వెళ్లు' అని రాసి, కింద గురువుగారి సంతకం పెట్టాడు.

ఆవిడ కళ్లకద్దుకుంది. "నువ్వూ ఇదే అన్నావు! ఆయన నీడన ఉండి ఉండి నీకూ అబ్బింది నాయనా."