బద్ధకం

"మళ్ళీ నీళ్ళకేనా?"

కుట్టు మిషన్ల చప్పుడును దాటుకుని వచ్చింది పెద్దక్క గొంతు.

గుండీల బల్ల దగ్గర కొత్తగా చేరినామె సీసా చేత్తో పట్టుకుని ఆగిపోయింది. నలభై దాటిన మనిషి. మండే ఎండలోనూ ఒంటి మీది స్వెట్టర్ తీయదు.

షెడ్డులో అందరూ ఆమెను బిందె అంటారు. ఆ పేరు పెట్టింది పెద్దక్కే. యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డుకు ఇరవై ఏళ్ళుగా ఆమే సూపర్‌వైజరు.

"గంటకో సీసా తాగడం, గంటకు రెండుసార్లు బయటికి పోవడం. మధ్యలో తీరిక దొరికితే ఓ గుండీ కుడతావా తల్లీ?"

అందరూ నవ్వారు. బిందె కూడా నవ్వింది.

"ఏం చేయనక్కా! ఒంట్లో కుళాయి చెడిపోయింది."

"కుళాయి కాదు, బద్ధకం. దానికి మందు లేదు."

అప్పుడే పెద్దక్క కోడలు లోపలికి వచ్చింది. చంకలో మూడు నెలల పాప. అత్తగారు ఇంట్లో మరచిపోయిన కళ్ళజోడు తెచ్చింది.

"పొద్దున తెమ్మంటే ఇప్పుడా?"

"లేవలేకపోయాను అత్తయ్యా. తల పగిలిపోతోంది."

"విన్నారా?" పెద్దక్క అందరి వైపూ తిరిగింది. "మా ఇంట్లోనూ ఒకతె ఉంది. బారెడు పొద్దెక్కినా లేవదు. బిడ్డకు చుక్క పాలు లేవు. అదేమంటే తలనొప్పి!"

కోడలు కళ్ళజోడు బల్ల మీద పెట్టింది. వెళ్ళబోతూ తూలి గుమ్మం పట్టుకుంది.

బిందె సూదీ దారం కింద పెట్టి లేచింది.

"అమ్మాయ్, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? అన్నం సయించడం లేదా? చూపు మసకబారుతోందా?"

కోడలు అన్నిటికీ తల ఊపింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"కాన్పయినప్పటినుంచీ."

బిందె ముఖం మారిపోయింది.

"అక్కా, ఒక్క పూట సెలవివ్వు. ఈ పిల్లను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

పెద్దక్కకు ఒళ్ళు మండింది.

"పని ఎగ్గొట్టడానికి నా కోడలే దొరికిందా? గడప దాటావంటే మళ్ళీ రాకు."

బిందె పాపను తన భుజాన వేసుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని గడప దాటింది.

పెద్దక్క రిజిస్టరు తెరిచి ఆమె పేరు కొట్టేసింది.

నాలుగు గంటలకు వాచ్‌మన్ వచ్చాడు.

"బిందె గేటు దగ్గరుందక్కా. మీ కోడలి సంగతి ఏదో చెప్పాలంట. పనిలో ఉండనివ్వమని బతిమాలుతోంది."

"నా కోడలి సంగతి దానికెందుకు? పొమ్మను."

"మనిషి బాగాలేదక్కా. గోడ పక్కన వాంతి చేసుకుంది."

"నాటకాలు. పొమ్మన్నానా!"

అరగంట తర్వాత కొడుకు ఫోన్ చేశాడు. పెద్దక్క చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తింది.

కోడలి చేతికి సెలైన్ ఎక్కుతోంది. డాక్టరమ్మ పెద్దక్కను పక్కకు పిలిచింది.

"మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. పిట్యూటరీ. ఒంట్లో చాలా గ్రంథులకు అదే మేస్త్రీ. రోగాలతో పోరాడాల్సిన మన రక్షణ శక్తే పొరబడి దాని మీద పడింది. కంచే చేను మేసినట్టు. హైపోఫైసైటిస్ అంటారు. కాన్పు రోజుల్లో కొందరికి ఇలా అవుతుంది. ఇంకొందరికి ఆగని దాహం, ఎండలోనూ చలి."

"మరి... ఆ పడుకోవడం, పాలు రాకపోవడం..."

"బద్ధకం కాదమ్మా. లేపి నిలబెట్టే హార్మోనే ఆమె ఒంట్లో లేదు. దారిలోనే స్టెరాయిడ్ సూది పడబట్టి బతికింది."

పెద్దక్క తల పైకెత్తలేకపోయింది. మూడు నెలలుగా తానన్న మాటలన్నీ ఒక్కొక్కటే చెవుల్లో మోగాయి. ఆ సూది వేసిందెవరో అడగాలని ఆమెకు తోచనే లేదు.

మూడో రోజుకు కోడలు లేచి కూర్చుంది.

"బస్టాపులో పడిపోయాను అత్తయ్యా. తొడలో ఏదో గుచ్చుకున్నట్టయింది. కళ్ళు తెరిస్తే ఆటోలో ఉన్నాను. మీ అబ్బాయి వచ్చేదాకా పాపను ఆవిడే ఎత్తుకుంది. ఆవిడ పేరేమిటి?"

పెద్దక్క నోరు తెరిచింది. పేరు గుర్తుకు రాలేదు. బిందె అని చెప్పడానికి నాలుక తిరగలేదు.

షెడ్డుకు వెళ్ళి రిజిస్టరు తీసింది. పేరు మీద తాను గీసిన గీత ఎంత బలంగా ఉందంటే అక్షరాలు కనిపించలేదు. చిరునామా మాత్రం మిగిలింది.

ఇరుకు సందులో మేడ మీది గది. తాళం వేసి ఉంది. కింద ఇంటామె బట్టలు ఆరేస్తోంది.

"ఎవరు కావాలమ్మా?"

"పైన ఉండే ఆమె... క్షమించమని అడగాలి. పనిలోకి తీసుకెళ్ళాలి."

ఇంటామె చేతిలోని బట్ట బకెట్లోకి జారింది.

"మొన్న సాయంత్రమే ప్రాణం పోయిందమ్మా. షెడ్డు నుంచి వస్తూనే వాంతులు. మింగిన మాత్ర మింగినట్టే బయటికొచ్చింది. మాత్ర నిలవకపోతే సూదే దిక్కట. ఆసుపత్రిలో ఇంకో సూది రాసిస్తామన్నారట. ముందు పెద్దక్కను బతిమాలుకుని వస్తా, పని పోతే ఎలాగన్నదట."

"ఏ సూది?" అంది పెద్దక్క.

ఇంటామె లోపలికి వెళ్ళి ఒక చిన్న ఎర్ర డబ్బా తెచ్చింది.

"నేను పడిపోతే ఇందులో సూది పొడిచెయ్యి వదినా అని నాకెప్పుడో నేర్పిపెట్టింది. తీరా ఆ వేళ తెరిచి చూస్తే ఇదిగో, ఇలా ఉంది."

మూత లోపల అంటించిన కార్డు మీద డాక్టరమ్మ చెప్పిన ఆ జబ్బు పేరే ఉంది. దాని కింద, ఒక్క సూది పట్టేంత గుంట ఖాళీగా ఉంది.