కొక్కెం లేని ఈగ

మూడోసారి కూడా చేప పైకి లేచింది. ఎరగా ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను నోట కరుచుకుంది, వదిలేసింది.

“అయ్యో! మళ్లీ పోయింది,” అంది ఒడ్డున బెంచీ మీద కూలబడిన మోర్వెన్.

మోకాలి లోతు నీళ్లలో నిలబడిన ముసలావిడ వెనక్కి తిరిగి చూసింది.

“పోనీలే అమ్మాయ్. దాని పనులు దానికుంటాయి.”

మోర్వెన్‌కి యాభై దాటాయి. అమ్మాయ్ అని ఎవరైనా పిలిచి ఎన్నేళ్లయిందో! ఇంకో రోజైతే నవ్వేదే. ఇవాళ ఆ ఓపిక లేదు. పొద్దుట్నుంచి ఊరంతా తిరిగి కాళ్లు పీకుతున్నాయి. పైగా స్పే నది సన్నదోమలు మెడంతా కుట్టి పెట్టాయి.

ముసలావిడ ఒడ్డుకొచ్చి పక్కన కూర్చుంది. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది.

“ఎవరి కోసమమ్మా తిరుగుతున్నావు?”

“ఇ. గిల్‌రాయ్ అని ఒక రచయిత్రి. అసలు పేరు కాదట. ఆ రోజుల్లో చేపల వేట పత్రికల్లో ఆడపేరు కనిపిస్తే నవ్వేవాళ్లు కదండీ. ఒకే ఒక్క వ్యాసం రాసి మాయమైపోయింది. అందులో ఉన్నది ఈ మడుగే.”

“ఇప్పుడెందుకు ఆవిడ?”

“ఈగతో చేపలు పట్టే ఆడవాళ్లు రాసినవన్నీ కలిపి పుస్తకం వేస్తున్నాను. ఆవిడ వ్యాసం చదివే ఈ పని నెత్తికెత్తుకున్నా. ఆవిడ సరేనంటే తప్ప ప్రచురణకర్తలు అచ్చు వేయరు. ఇవాళ సాయంత్రమే గడువు.”

“ఊళ్లో అడగలేకపోయావా?”

“అడిగాను. చేపలు పట్టడం మానేసిన ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అంటే, మా ఊళ్లో అలాంటివాళ్లు లేరు పొమ్మన్నారు.”

“మానేసిందని ఎవరు చెప్పారు నీకు?”

“ఆవిడే రాసింది. ఆఖరి వాక్యం నాకు కంఠతా వచ్చు. ‘ఆ రోజు తర్వాత నా వల్ల ఒక్క చేపకీ నెత్తురు కారలేదు.’ పాపం, అంత ఇష్టమైన నదిని వదిలేసి గాలం కర్రను అటకెక్కించింది. ముందుమాటలో అదే రాశాను.”

ముసలావిడ గాలం దారాన్ని వేళ్లతో సర్దుకుంది.

“ఆ ముక్క మార్చడానికి వీల్లేదా?”

“ఎందుకు మార్చాలండీ? పుస్తకానికి ప్రాణమే అది.”

“అలాగా,” అంది ముసలావిడ. గొంతులో అలసట వినిపించింది. “నదిని వదిలేసిన ఆడదాన్ని నేనైతే ఎరగనమ్మా.”

మోర్వెన్‌కి ఉన్న కాస్త ఆశా పోయింది. ఏడుపొచ్చినంత పనైంది. టైము చూసుకుని లేచింది. లేస్తూ లేస్తూ, ముసలావిడ దారం చివర వేలాడుతున్న ఈగను చూసింది.

“అయ్యయ్యో, దీనికి కొక్కెమే లేదండీ!”

“లేదా?”

“కర్రను వెనక్కి విసిరేటప్పుడు మరీ కిందికి వాల్చేస్తున్నారు. రాళ్లకి కొట్టుకుని కొక్కెం విరిగిపోయింది. అందుకే వచ్చిన చేపలన్నీ చేజారాయి. మధ్యమధ్యలో చూసుకోవద్దూ?”

“వయసైపోయింది కదా,” అంది ముసలావిడ.

విసుగ్గా ఉన్నా మోర్వెన్‌కి జాలేసింది. తన డబ్బీలోంచి కొత్త ఈగను తీసి దారానికి కట్టి ఇచ్చింది. పాతదాన్ని పారేయబోతే ముసలావిడ చెయ్యి పట్టుకుంది.

“ఉంచుకో. బస్సులో తోచనప్పుడు చూసుకుందువుగాని.”

బస్సు ఆగేది వంతెన మీద. అక్కణ్ణుంచే మోర్వెన్ ప్రచురణకర్తకి ఫోన్ చేసింది.

“గిల్‌రాయ్ దొరకలేదు. ఆ వ్యాసం తీసేయండి.”

“మరి ముందుమాటలో ఆవిడ గురించి మీరు రాసింది?”

“అదీ తీసేయండి.”

“సరే. ఇప్పుడే అచ్చుకి పంపేస్తున్నా.”

కింద బెంచీ మీద ముసలావిడ చిన్న పటకారుతో కొత్త ఈగను ఏదో చేస్తోంది. నా ముడి నచ్చలేదు కాబోలు అనుకుంది మోర్వెన్.

ముసలావిడ నీళ్లలోకి దిగి ఈగ విసిరింది. చేప లేచింది. కరుచుకుంది. వదిలేసింది.

కొత్త కొక్కెం కదా, ఎలా వదిలింది?

ఇంతలో బస్సొచ్చింది. కిటికీ పక్కన కూర్చుని మోర్వెన్ జేబులోంచి పాత ఈగను తీసింది.

రాయి తగిలి విరిగిన కొక్కెం మొన గరుకుగా ఉంటుంది, వేలికి గుచ్చుకుంటుంది. దీన్ని కత్తిరించారు. కత్తిరించాక, చేప నోటికి గీసుకోకుండా ఆకురాయితో నున్నగా అరగదీశారు.

ఒక్క చేపకీ నెత్తురు కారలేదు. ఆవిడ రాసింది అంతే. మానేశానని ఎక్కడా రాయలేదు.

మోర్వెన్ గబగబా ఫోన్ తీసింది. బస్సు అప్పటికే లోయలోకి దిగిపోయింది, సిగ్నల్ లేదు.

ఈగ ఎలా విసరాలో ఇందాక తను పాఠం చెప్పి వచ్చింది ఇ. గిల్‌రాయ్‌కే.