కట్ట మీది నడక

సబ్బు రాసినా బంగారు గాజు కదల్లేదు. ఎస్తేరమ్మ లాగుతోంది, ఇందిరాదేవి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. చివరికి కంసాలి చేత కోయించక తప్పలేదు.

“ఆయ్, పెళ్ళినాటి గాజండి, ఎస్తేరక్కా.”

“గాజు పోతె పాయె చెల్లె. మనిషివి ఉండాలె గద,” అంది ఎస్తేరమ్మ.

సరూర్‌నగర్‌లో ఒకే ఆవరణలో ఇద్దరివీ పక్కపక్క వాటాలు. ఎస్తేరమ్మ బడిలో ఆయా. ఇందిరాదేవి భర్త పట్టాభి తణుకు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం రాజుకున్నాక బళ్ళు మూతపడి ఎస్తేరమ్మ ఇంట్లో కూర్చుంది. ఇందిరాదేవి అయితే గుమ్మమే దిగడం మానేసింది. “ఆయ్” అనకుండా ఆవిడ నోట ఒక్క మాట రాదు. ఏ జిల్లా మనిషో అడక్కుండానే తెలిసిపోతుంది.

రేడియోలో వార్తలు రాగానే గుండెదడ. దడ తగ్గడానికి రెండు జంతికలు. పట్టాభి ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే ఇంకో నాలుగు. కూర్చున్నచోటి నుంచి లేచే పనే లేదాయె. ఆరు నెలల్లో జాకెట్లన్నీ కుట్లు విప్పుకుంది. మూడు మెట్లెక్కితే ఆయాసం, కింద కూర్చుంటే లేవనివ్వని మోకాళ్ళు. లావైన మనిషిని చూసి తిండిపోతు అనెయ్యడం లోకానికి మహా సులువు. పాపం, ఆవిడ తిన్నది ఆకలికి కాదు, భయానికి.

దిల్‌సుఖ్‌నగర్ డాక్టరు బరువు చూశాడు, రక్తపోటు చూశాడు. ఒంట్లో చక్కెర కూడా మొదలైందన్నాడు.

“మాత్రలు రాస్తాను. కానీ రోజూ రెండు మైళ్ళు నడవకపోతే అవి దండగ. నీ గుండె ఈ బరువు ఎన్నాళ్ళో మొయ్యదమ్మా. ఈ ఏడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందిది ఇదే జబ్బు, ఇల్లు కదలకపోవడం.”

ఇంటికొచ్చి ఇందిరాదేవి ఒకటే ఏడుపు. కదిలితే జనం భయం, కదలకపోతే గుండె భయం. ఎస్తేరమ్మకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. ఆమె తమ్ముడు స్తెఫను ఊరేగింపులో పట్టుబడి అప్పటికి నెలరోజులుగా జైల్లో ఉన్నాడు.

“మా కొట్లాట కొలువుల కోసం చెల్లె, నీ మీద గాదు. గాని గుంపుకు గీ ముచ్చట ఎవరు చెప్తరు? నువ్వు నోరు తెరవకు. మా చిన్నమ్మ బిడ్డ, మాటలు రావని నేను చెప్త.”

మర్నాడు తెల్లవారగానే చెరువుకట్ట ఎక్కారు. మొదటిరోజు వంద అడుగులకే ఇందిరాదేవి కూలబడింది. వారానికి కట్ట సగం దాటింది. ఎదురైనవాళ్ళు పలకరిస్తే ఎస్తేరమ్మే అందుకునేది. అడిగినా అడక్కపోయినా తమ్ముడు జైల్లో ఉన్న సంగతి గొంతెత్తి చెప్పేది. అది విన్నవాళ్ళు దారిచ్చి, పాపం మూగమనిషి అని జాలిపడి పోయేవారు.

ఇందిరాదేవి భయమంతా ఒక్కడి గురించే.

కట్ట కింద సైకిల్ షాపు నడిపే బక్కయ్య పేరుకు తగ్గట్టే బక్క మనిషి. అతని వెంట రోజూ ఓ భారీకాయం నడుస్తుంది. చొక్కాకు జై తెలంగాణ బిళ్ళ, భుజాన కండువా. మా బావ, జనగామ నుంచి ఒచ్చిండు అని బక్కయ్య అందరికీ చెప్పాడు. ఆ బావగారు మాత్రం పెదవి విప్పడు. ఎవరేం అడిగినా తల పంకిస్తాడు, బక్కయ్యే బదులు చెబుతాడు. ఈ ఆడవాళ్ళిద్దరూ కనబడగానే నడక ఆపేసి, వాళ్ళు దాటేదాకా కళ్ళప్పగించి చూస్తాడు.

అతను ఎవరో పెద్ద నాయకుడనీ, తన గుట్టు కనిపెట్టేశాడనీ ఇందిరాదేవి ఇంటికొచ్చి వణికిపోయింది. రేపటి నుంచి రానంది.

“చూస్తె చూడనియ్. నడక బంద్ పెడితె నీ గుండె బంద్ అయితది. డాక్టర్ ఏమన్నడో యాదికుందా?” అని కసిరింది ఎస్తేరమ్మ.

అలా రెండు నెలలు గడిచాయి. జాకెట్లకు మళ్ళీ కుట్లు పడ్డాయి. మెట్లెక్కితే ఆయాసం లేదు. అతికించి తెచ్చిన పెళ్ళినాటి గాజు సబ్బు లేకుండానే చేతికెక్కింది. ఆ ఉదయం ఇందిరాదేవి దాన్ని చూసుకుంటూ హుషారుగా నడిచింది. కాళ్ళ కింద రాళ్ళు చూసుకోలేదు.

కాలు జారి పడింది. ఎస్తేరమ్మ లేపేలోపే ఎదురుగా వస్తున్న భారీమనిషి ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ రెక్క పట్టుకున్నాడు. ఇందిరాదేవికి పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఆయ్, వదిలెయ్యండి బాబూ, నేనే లేస్తానండి.”

నోరు జారిపోయింది. ఎస్తేరమ్మ మొహం పాలిపోయింది. బక్కయ్య నిలుచున్నచోటే నిలుచుండిపోయాడు. కట్ట కింద రోడ్డు మీద కుర్రాళ్ళ నినాదాలు దగ్గరవుతున్నాయి. రెండు నెలల నడకా, ఇంతవరకు దాచుకున్న ప్రాణమూ ఈ ఒక్క మాటతో పోయినట్టే అనుకుంది ఇందిరాదేవి. కళ్ళు మూసుకుంది.

ఆ భారీమనిషి చెయ్యి వదల్లేదు. కండువాతో చెమట తుడుచుకుని, అటూ ఇటూ చూసి, ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

“ఆయ్, మెల్లగా అనండమ్మా, మాదీ ఆ జిల్లాయేనండి.”