చావని మొగుడు

"నల్లపూసలు శంకరవ్వనే గుచ్చాలె. ఇంకొకల చెయ్యి పడొద్దు," అంది రామవ్వ.

ఆమె ఊరి పోలీస్ పటేలు రాజం తల్లి. తెల్లారితే మనుమరాలు అనసూర్య పెండ్లి. పందిట్లో ముత్తయిదువలకు కొదువ లేదు. పట్టుచీరెలు, కాసులపేర్లు, నోటి నిండా తాంబూలాలు. కానీ వాళ్లందరి మొగుళ్లూ మనుషులే. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు చస్తాడు. శంకరవ్వ సంగతి వేరు. చిన్నప్పుడే ఆమెను వేములవాడ రాజన్నకిచ్చి పెండ్లి చేసి శివపార్వతిని చేశారు. దేవుడు చావడు కాబట్టి ఆమె ముండమోయదు. అలాంటి చెయ్యి గుచ్చిన పూసలు కట్టుకుంటే పెండ్లికూతురి పసుపుకుంకుమలకు ఢోకా లేదు. ఆ ఇంట్లో తరాల నుంచి అదే ఆనవాయితీ.

దేవుని పెండ్లాం తలుపు ఊళ్లో ఏ పెద్దమనిషి తట్టినా తియ్యాలి. అదీ ఆనవాయితీయే.

శంకరవ్వ గడప దాటలేదు. ఆమె కులం వాళ్లు దాటరాదు. వాకిట్లో చాప పరిచారు. ఆమె గుచ్చిన పూసల మీద పసుపునీళ్లు చల్లి లోపలికి తీసుకుపోతారు. చెయ్యి కావాలి, మనిషి అక్కర్లేదు.

రామవ్వ కాస్త దూరంగా పీట వేసుకుని కూర్చుంది. "నీకేందే, అదృష్టవంతురాలివి. నీ మొగనికి సావు లేదు."

"ఔ అవ్వా. నా మొగనికి సావు లేదు," అంది శంకరవ్వ, దారానికి మైనం రాస్తూ.

"గీ పెండ్లి కానీ. శివరాత్రికి నీ బిడ్డను గూడ రాజన్నకిద్దాం. దేవవ్వకు ఈడొస్తున్నది. నీ తర్వాత మా ఇంట్ల పూసలు గుచ్చెటోళ్లు ఉండాలె గద."

సూది ఆగింది. మళ్లీ కదిలింది.

దేవవ్వకు తండ్రి పేరు లేదు. ఆ పిల్ల ఎదురైతే ఊరి పెద్దమనుషులు ఎవరి మొహం వాళ్లు తిప్పుకుంటారు. మైసయ్య ఒక్కడే దాన్ని "బిడ్డా" అని పిలిచాడు. మైసయ్య కూలి మనిషి. ఆదివారం ఆదివారం కిరస్తానీల మిషన్ గుడికి పోయేవాడు. పోయిన వానకాలం చావడిలో నలుగురి ముందు నిలబడి, "దేవవ్వను దేవునికిచ్చుడు లేదు. కరీంనగర్ బడికి తోలుతం," అన్నాడు.

"గా పిల్లకు నీకు ఏం సంబంధంరా?" అని పటేలు అడిగాడు.

మైసయ్య శంకరవ్వ దిక్కు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. అతను నోరు మూసుకున్నాడు. ఆ మూసుకున్న నోటి మీదే పటేలు మనుషుల కట్టెలు పడ్డాయి. తెల్లారేసరికి ప్రాణం పోయింది. తాడిచెట్టు మీద నుంచి పడి చచ్చాడని పంచనామా అయింది. రాసింది పోలీస్ పటేలే. మైసయ్య జన్మలో తాడెక్కిన మనిషి కాదు. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, పటేలు చేతిలో కలం మాత్రం ఎవడూ గుంజుకోలేదు.

ఆ దినం వాడంతా ఏడ్చింది. శంకరవ్వ గాజులు పగిలి మోచేతి దాకా నెత్తురు. బాయికాడ జారిపడ్డానంది. రెండో మాట అడిగినవాళ్లు లేరు. శివపార్వతి చేతులు బోసిగా ఉండొద్దని రామవ్వే కొత్త గాజులు పంపింది.

ఆ గాజులే ఇప్పుడు పూసల మీద గలగలమంటున్నాయి.

అనసూర్య గడప లోపలి నుంచి తొంగి చూసింది. "శంకరవ్వా, జర గట్టిగ ముడెయ్యి. తెగొద్దు."

"తెగయి బిడ్డా. ఉట్టి గాజుపూసలే ఇవి. వీటితోని నీకు మంచీ లేదు, చెడ్డా లేదు."

"గవేం మాటలే, శుభమా అని పెండ్లి పెట్టుకుంటె," అని రామవ్వ కసిరింది.

తెల్లారి లగ్గం అయింది. చొప్పదండి నుంచి వచ్చిన పెండ్లికొడుకు మూడు ముళ్లు వేశాడు. అప్పగింతలకు ముందు పటేలు వాకిట్లోకి వచ్చాడు. దూరం నుంచే ఒక చీరె శంకరవ్వ ఒళ్లోకి విసిరాడు.

"శివరాత్రికి పిల్లను తయారు చెయ్యి."

ఎప్పుడూ "నీ బాంచెన్" అని మొదలయ్యే నోరు ఆ మాట అనలేదు.

"చెయ్య."

"ఏందే?"

"పిల్లను ఇయ్య. రేపే కరీంనగర్ బడికి తోలుకపోత. నువ్వు అడ్డం రావు."

పటేలు నవ్వాడు. "ఏమే, రాజన్న పూనిండా?"

"ఎవ్వలు పూనలే. ఒక్క ముచ్చట చెప్త, ఇను. ఇది నువ్వు ఎవ్వలకు చెప్పుకోలేవు. చెప్తే నీ వియ్యంకులు నీ బిడ్డను గిక్కడ్నే ఇడిసి పోతరు. చెప్పకుంటె, నీ అల్లునికి జర తలకాయ నొచ్చినా నీకు నిద్ర పట్టది. నాకు గీ పూసల మీద నమ్మకం లేదు. నీకున్నది. గా నమ్మకమే నిన్ను తింటది."

పటేలు చుట్టూ చూశాడు. డప్పుల మోతలో ఎవరికీ ఏమీ వినిపించడం లేదు. శంకరవ్వ లేచింది. అతను విసిరిన చీరెను అతని కాళ్ల ముందే పడేసింది.

"గా పిల్లకు నీకు ఏం సంబంధమని చావడిల మైసయ్యను అడిగినవు గద పటేలా; మిషన్ గుడిల నన్ను లగ్గమాడిన మొగడు గాయిన, నీ బిడ్డ పుస్తెకు పూసలు గుచ్చింది నువ్వు చేసిన ముండమోపి."