పనికిరాని కోడ్

హ్యాకథాన్ పోటీలో ఒక పిల్ల తయారుచేసిన ఇరవై బుల్లి రోబోలు గుంపుగా కదులుతున్నాయి. ఒకటి ఆగిపోగానే మిగతావి దాన్ని తప్పించుకుని సాగాయి. మెంటర్‌గా వచ్చిన ఇంటర్న్ మూడు నెలలుగా కంపెనీలో సాధించలేనిది సరిగ్గా ఇదే.

ఆ కంపెనీ మేనేజర్ ఆమెను పక్కకు పిలిచాడు. "బాలేదని చెప్పి ఆపించు. కోడ్ కాపీ మన దగ్గరుంది. నీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది నేనే."

"ఎలా ఉందక్కా?" అడిగింది రోబోలు చేసిన పిల్ల.

మేనేజర్ చూస్తూనే ఉన్నాడు. "పనికిరాదు," అంది ఇంటర్న్.

పిల్ల మొహం చిన్నబోయింది. ఫైలు డిలీట్ చేయబోయింది.

పోయినేడు ఇలాంటి పోటీలోనే ఇంటర్న్ కూడా ఒక మెంటర్ మాట నమ్మి తన కోడ్ డిలీట్ చేసింది. కంపెనీలో చేరిన మొదటిరోజే, అక్కడి రోబోలను నడిపిస్తున్నది ఆ కోడేనని చూసి కూడా నోరు మూసుకుంది.

ఆమె పిల్ల చెయ్యి పట్టుకుంది.

"అబద్ధం చెప్పానమ్మా. ముందు దాని మీద నీ పేరు పెట్టుకో."