అల్లుడు గారు ఆయిల్ మార్చారు

అత్తగారి బీరువాలోంచి గొలుసు కొట్టేయడం సుశీల్ కుమార్‌కు ఐదు నిమిషాల్లో అయిపోయింది. దాన్ని దాచడమే పెద్ద పనిగా తేలింది.

గురువారం సాయంత్రం అత్త రెబెక్కమ్మ, భార్య ఎవాంజెలిన్ ప్రార్థన కూటానికి వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేసరికి గొలుసు బీరువాలో లేదు, అల్లుడి దిండు గలీబులో ఉంది. ఈ రెండో సంగతి అల్లుడికి తప్ప ఎవరికీ తెలియదు. నాలుగు రోజులు ఉండి పోదామని నెల్లూరు నుంచి ఇందుకూరుపేటలోని అత్తగారింటికి వచ్చి, ఆరు నెలలుగా ఉంటున్న మనిషి ఆయన. ఆ గొలుసు అమ్మి రొయ్యల గుంటలో వాటా కొనాలని, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఆయన ఆశయం. గొప్పవాళ్లకు ఆశయాలుంటాయి మరి.

గొలుసు పోయిందనగానే అందరికంటే ముందు గొంతు లేపింది కూడా ఆయనే.

"ఇంట్లోకి వచ్చేది పొయ్యేది పనిమనిషి ఒక్కతే గదా. శేషమ్మనే అడగండి."

వెంకటశేషమ్మ ఆ ఇంట్లో ఎవాంజెలిన్ పుట్టకముందు నుంచీ పనిచేస్తోంది. చేతిలో చీపురు కింద పెట్టేసి, గోడకు ఆనుకుని ఏడ్చింది. "ఈ మాట పడినాక నేను ఊళ్లో ఎట్టా తలెత్తుకునేదమ్మా," అంది.

రెబెక్కమ్మ శేషమ్మకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఉత్త అమాయకురాలు. అత్తగారిలో అల్లుడికి నచ్చిన గుణం అదొక్కటే.

శుక్రవారం పొద్దున దోసెలు వడ్డిస్తూ ఆవిడ రెండు కబుర్లు చెప్పింది.

"సాయంత్రం ఎస్సై గారు వస్తారు. బియ్యం డబ్బా కాడ్నించి దిండ్ల దాకా అన్నీ దులిపి చూస్తారంట."

అల్లుడి గొంతులో దోసె ఆగిపోయింది.

"ఇంకోటి, మన వ్యాన్‌లో ఆయిల్ నల్లగా అయిపొయ్యుండాది. మీ మావయ్య ఉన్నప్పుడు ఇంటికాడే మార్చుకునేవాడు. ఇప్పుడు చేతులకి మసి చేసుకునే మగోళ్లు ఏడున్నార్లే."

దోసె వెంటనే దిగింది. "నేను లేనా అత్తయ్యా," అన్నాడు సుశీల్.

తాగిన గ్లాసు కూడా తీసి పెట్టని మొగుడు బనీనుతో వ్యాన్ కింద దూరడం చూసి ఎవాంజెలిన్ ముచ్చటపడి ఫోటో తీసుకుంది. కొత్త ఆయిల్ క్యాను, ఫిల్టరు ఆయన కోవూరు పోయి తన జేబులోంచే కొనుక్కొచ్చాడు. చరిత్రలో అది మొదటిసారి. ఫోన్‌లో వీడియో పెట్టుకుని, సంబంధం లేని బోల్టులతో కాసేపు కుస్తీ పట్టి, చివరికి ఇంజిన్ కింద అసలు బోల్టు విప్పాడు. వేడి ఆయిల్ సగం టబ్బులో, సగం మోచేతి మీద పడింది. అరుద్దామనుకుని, అరిస్తే జనం వస్తారని గుర్తొచ్చి పళ్లు బిగబట్టాడు.

టబ్బులో ఆయిల్ కాటుకలా ఉంది. చుట్టూ చూసి గొలుసు అందులో జారవిడిచాడు. కొత్త ఆయిల్ ఇంజిన్‌లో పోశాక, టబ్బులోదాన్ని గొలుసుతో సహా ఖాళీ క్యాన్‌లోకి వంపి మూత బిగించాడు. ఇస్త్రీ బట్టలేసుకున్న ఏ ఎస్సై అయినా కాలిన ఆయిల్లో చెయ్యి పెడతాడా? తన తెలివికి తనకే ముద్దొచ్చింది.

వసారాలో రెబెక్కమ్మ కుంకుడుకాయలు కొడుతోంది. రేపు తలంటుకు కాబోలనుకున్నాడు.

"ఆ క్యాను ముట్టుకోబాకండి అత్తయ్యా. సోమవారం నెల్లూరు తీసకపొయ్యి పద్ధతిగా పారబోస్తాను. ఇక్కడ పోస్తే నేల పాడైపోతాది."

"మీకెంత ముందుచూపు నాయనా," అంది ఆవిడ.

సాయంత్రం ఎస్సై రాలేదు. ఏదో బందోబస్తు పడిందట. సుశీల్ నిశ్చింతగా నిద్రపోయాడు.

శనివారం లేచి చూస్తే క్యాను లేదు.

"అదా? మైపాడు చిన్నపోలయ్య పొద్దున్నే తీసకపొయ్యినాడు," అంది ఎవాంజెలిన్. "పడవ చెక్కకి పూస్తే పురుగు పట్టదంట. కాలిన ఆయిల్ మా పక్క ఎవురైనా పారబోస్తారా? అడిగేవాళ్లు వరసలో ఉంటారు."

టౌన్‌లో పుట్టిన అల్లుడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వ్యాన్ తీసి మైపాడు దాకా ఊపిరి బిగబట్టి తోలాడు. ఒడ్డున బోర్లించిన పాత చెక్క పడవకు చిన్నపోలయ్య తీరిగ్గా ఆయిల్ పూస్తున్నాడు. సుశీల్ క్యాను లాక్కుని తలకిందులు చేసి ఊపాడు. రెండు చుక్కలు రాలాయి.

"దీంట్లో ఇంకేమీ లేదా?"

"ఏముంటాది సార్? అమ్మ పాత చీర గుడ్డలో వడగట్టి మరీ ఇచ్చినాది. నలకలుంటే బ్రష్షుకి తగులుకుంటాయని."

సుశీల్ ఇంటికి వచ్చేసరికి వసారాలో రెబెక్కమ్మ గిన్నెలో కుంకుడు రసం పెట్టుకుని, పాత పళ్ల బ్రష్షుతో గొలుసు తోముతోంది. పక్కన కూర్చుని వెంకటశేషమ్మ చెంబుతో నీళ్లు పోస్తోంది. ఆయనకు గుండె జారిపోయింది. అయినా నోరు జారలేదు.

"దొరికిందా అత్తయ్యా? ఆ దొంగెవరో ఎస్సై పేరు వినేసరికి భయపడి ఆయిల్లో వేసుంటాడు. నేను ఆయిల్ మార్చబట్టే గదా బయటపడింది."

"అంతా మీ చలవే నాయనా. ముందు శేషమ్మకి క్షమాపణ చెప్పండి. ఎవాంజెలిన్‌కి ఏం చెప్పేదో మీరే ఆలోచించుకోండి."

వెంకటశేషమ్మ తలెత్తి ఆయన వైపే చూస్తోంది. సుశీల్‌కు ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. "నాకేం తెలుసు అత్తయ్యా, మీరు వ్యాన్‌కి ఆయిల్ మార్చాలంటేనే గదా నేను..." అని నసిగాడు.

రెబెక్కమ్మ గొలుసు పైకెత్తి, ఎండలో ఒకసారి చూసుకుని, మెడలో వేసుకుంది.

"వ్యాన్‌కి పోయిన వారమే మార్పించినాను అల్లుడు గారూ, మీరు మధ్యాన్నం నిద్రలో ఉంటే. డీజిల్ బండి గదా, నాలుగు రోజులకే నల్లబడతాది. నిన్న మార్పించింది మీ కోసం."