నాన్న పోలిక

ఆ పొద్దున మబ్బు దట్టంగా పట్టింది. కురవదు, కదలదు. పెద్దోణ్ణి మడతమంచం మీదే మోసుకెళ్లి అంబులెన్సు ఎక్కించారు. ఊపిరాడక అతని పెదవులు నల్లబడ్డాయి.

జ్వరం అన్నదమ్ములిద్దరికీ ఒకేసారి తగిలింది. ఇద్దరిదీ ఒకటే సెలూన్, పక్కపక్క కుర్చీలు. ఎవడో దగ్గుతూనే గడ్డం గీయించుకుని పోయాడు. చిన్నోడు అప్పుడే లేచి తిరుగుతున్నాడు.

అమ్మ అంబులెన్సు వెంట వెళ్లలేదు. వాడు గట్టివాడు, వచ్చేస్తాడంటూ చిన్నోడి నుదుటి మీద చెయ్యి వేసి కూర్చుంది.

"పోయేదీ మీ కొడుకే అత్తయ్యా" అని వదిన మొగుడి వెంట బండెక్కింది.

బీపీ ఆ ఇంటికి కొత్త కాదు. నాన్న ఎవరి చెంపకో సబ్బు రాస్తూ రాస్తూ కుర్చీ పక్కనే కూలిపోయాడు. తాతదీ అదే చావు. నాన్న కుర్చీ పెద్దోడు తీసుకున్నాడు. దాంతోపాటు ఆయన సిగరెట్లు, అన్నం మీద చల్లుకునే ఉప్పు, ముక్కు మీది కోపం కూడా. అచ్చం మీ నాన్నవేరా అని ఎవరైనా అంటే మురిసిపోయేవాడు.

ఇద్దరికీ బీపీ ఉందని తేలిన రోజున చిన్నోడికి నిద్ర పట్టలేదు. మాత్రలు పట్టాడు, ఉప్పు తగ్గించాడు, షాపుకి నడిచి పోవడం మొదలెట్టాడు. పెద్దోడు తన మాత్రల అట్ట విప్పనే లేదు.

"నాకేం కాదులేరా. పిరికి సన్నాసివి, నువ్వు మింగు. ఒక్క పూట మానావో, వీపు పగులుతుంది."

సాయంత్రం వదిన బట్టల కోసం ఇంటికొచ్చి డాక్టరమ్మ మాట చెప్పింది. బీపీ కొంత పుట్టుకతో వస్తుందట, కొంత మనం తెచ్చిపెట్టుకుంటామట. అదుపు తప్పిన బీపీకి ఈ జ్వరం తోడైతే మనిషి తట్టుకోవడం కష్టమట.

అమ్మ మొహం పాలిపోయింది. "పుట్టుకతో రాకపోయినా వస్తుందా?"

"రాకపోవడమేంటి, మావయ్యగారు ఇచ్చి పోయిందేగా" అంది వదిన విసుగ్గా.

అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అమ్మ నోట గట్టివాడన్న మాట మళ్లీ రాలేదు.

పెద్దోడు బతికాడు. గోడ పట్టుకుని గుమ్మం దాటాడు. చొక్కా కొయ్యకి తగిలించినట్టుంది.

అన్నాల దగ్గర చిన్నోడు తేలిగ్గా ఊపిరి తీశాడు.

"నాకిక బెంగ లేదన్నా. నీది నాన్న పోలిక, నాది అమ్మ పోలిక. అందుకే జ్వరం నన్ను తాకి వదిలేసింది. బీపీ కూడా మామూలుగానే ఉంది. రేపట్నుంచి మాత్రలు మానేస్తున్నా."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. పెద్దోడు ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

 నలుగురూ కంచాల్లోకి చూస్తూ, ఉప్పు లేని కూర కలుపుకుని చివరి ముద్ద దాకా తిన్నారు. పెద్దోడు చెయ్యి కడుక్కోవడానికి లేవలేదు. ఎడం చెయ్యి తమ్ముడి భుజం మీద వేశాడు.

"మానకురా, అమ్మా నాన్నా కన్నది నిన్నొక్కణ్ణే."